దర్శనం – నిదర్శనం: ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చెప్పే పాఠం

మన భాషలో ‘దర్శనం’, ‘నిదర్శనం’ అని రెండు మాటలున్నవి. దర్శనమనగా చూచుట. నిదర్శనమనగా తార్కాణం, అనగా చూచినది నిజమని నిలబెట్టే రుజువు. ఈ రెండింటిని వేరుచేయునది ఒక్క ‘ని’ అను ఉపసర్గ మాత్రమే. కాని ఆ ఒక్క అక్షరపు దూరాన్ని దాటుటకు శాస్త్రజ్ఞులకు ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టినవి. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసం.

తెలుగు ఉపన్యాసకుడు సూక్ష్మదర్శినిని గురించి వ్రాయుటేమని కొందరికి సందేహం కలుగవచ్చును. దీనికి కారకుడు మన ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు. ఒకనాడు తెలుగు తరగతి ముగిసిన పిమ్మట అతడు ఒక పాత గైడు తెచ్చి, అందులోని బాక్టీరియా బొమ్మ చూపి, “సార్, ఇందులో మీసోసోమ్ అనే భాగం ఉన్నదని వ్రాసినారు. మరొక పుస్తకంలో అటువంటిది లేనే లేదని వ్రాసినారు. పరీక్షలో ఏది వ్రాయాలి?” అని అడిగినాడు. వృక్షశాస్త్ర అధ్యాపకులు ఆనాడు సెలవులో ఉన్నందున ఆ ప్రశ్న నా దాకా వచ్చినది. నేను సమాధానం చెప్పలేకపోయినాను. తరువాత భౌతికశాస్త్ర, జీవశాస్త్ర మిత్రులను అడిగి, కొంత చదివి, నేను తెలుసుకొన్నది ఇక్కడ పొందుపరచుచున్నాను.

కాంతికి గల హద్దు

మన ప్రయోగశాలలోని సామాన్య సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర కణాలు చక్కగా కనిపిస్తవి. కటకాలను మెరుగుపరచినకొలదీ ఇంకా ఇంకా చిన్న వస్తువులు కనబడునని పూర్వం ఆశించినారు. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ అబ్బే ఆ ఆశకు హద్దు గీచినారు. రవ్వ జల్లెడలో పిండి నిలువదు. కన్నాల కంటె పిండి సన్ననిది. అట్లే ఏ తరంగంతో వస్తువును చూచుచున్నామో, ఆ తరంగం కంటె మరీ చిన్నవైన వివరాలను ఆ తరంగం పట్టి చూపలేదు. కంటికి కనబడే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుండి 700 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఈ కాంతితో చూచినప్పుడు సుమారు 200 నానోమీటర్ల కంటె దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే చుక్కగా కలిసిపోతవి. కనుక ఒకటి రెండు వేల నానోమీటర్ల పొడవుండే బాక్టీరియా మనకు చిన్న గీతవలె కనబడునే గాని, దాని లోపలి నిర్మాణం తెలియదు. వైరస్‌లలో అధికభాగం అసలే కనబడవు.

సన్నని జల్లెడ కావలెనన్న సన్నని తరంగం కావలెను. 1924లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ ద బ్రోలీ, ఎలక్ట్రాన్ వంటి కణాలకు కూడ తరంగ స్వభావం ఉన్నదని ప్రతిపాదించినారు. 1926లో హాన్స్ బుష్, గాజు కటకం కాంతిని కేంద్రీకరించునట్లు, విద్యుత్తు ప్రవహించే తీగచుట్ట తన అయస్కాంత క్షేత్రంతో ఎలక్ట్రాన్ల పుంజాన్ని కేంద్రీకరించగలదని చూపినారు. ఈ ఆలోచనలకు రూపమిచ్చినవారు బెర్లిన్ సాంకేతిక విద్యాలయంలోని మాక్స్ నోల్, ఆయన విద్యార్థి ఎర్నెస్ట్ రస్కా. 1931లో వారు తొలి పరికరం నిర్మించునప్పటికి రస్కాకు ఇరువది అయిదేండ్లు నిండలేదు. 1933 నాటికి ఆయన నిర్మించిన యంత్రం కాంతి సూక్ష్మదర్శినిని మించిపోయినది. ఆ కృషికి నోబెల్ బహుమతి లభించినది 1986లో. అప్పటికి ఆయన వయస్సు 79 ఏండ్లు.

మన దేశంలో ఈ విద్యకు పునాది వేసినవారు కలకత్తాకు చెందిన నీరజ్‌నాథ్ దాస్‌గుప్తా. 1940 దశకంలోనే ఆయన అక్కడ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నిర్మించినారు.

యంత్రం పనిచేయు తీరు

ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నిలువెత్తు స్తంభం వంటి యంత్రం. పైభాగంలోని తంతువు నుండి ఎలక్ట్రాన్లు వెలువడుతవి. లక్ష వోల్టులో, అంతకంటె ఎక్కువో ప్రయోగించి వాటిని మహావేగంతో క్రిందికి పంపుతారు. లక్ష వోల్టుల వద్ద ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 0.0037 నానోమీటర్లు, ఆకుపచ్చని కాంతి తరంగం కంటె దాదాపు లక్షన్నర రెట్లు చిన్నది. అయస్కాంత కటకాలలోని లోపాల వలన ఆ లాభమంతా చేతికి రాదు. అయినను నేటి మేలిరకం యంత్రాలు నానోమీటరులో పదవ వంతు కంటె సూక్ష్మమైన వివరాలను, అనగా విడివిడి పరమాణువుల వరుసలను కూడ చూపగలుగుచున్నవి.

గాలిలోని అణువులకు తగిలి ఎలక్ట్రాన్లు చెదరిపోవును గనుక స్తంభం లోపల గాలి లేకుండ తోడివేస్తారు. ఎలక్ట్రాన్లు పరిశీలించవలసిన వస్తువు గుండా దూసుకొనిపోయి అడుగున ఉన్న తెరను చేరుతవి. దీపం ముందు పలుచని గుడ్డను పట్టినప్పుడు నేత ఎక్కడ చిక్కనో ఎక్కడ పలుచనో నీడలో తెలియును గదా! ఇదియు అట్టిదే. వస్తువు ఉపరితలాన్ని మాత్రమే చూపే స్కానింగ్ యంత్రానికి, దీనికి ఇదే భేదం. ఇది వస్తువు లోపలి సంగతి చెప్పుతుంది. ఈ చిత్రాలలో రంగులుండవు, నలుపు తెలుపులే. పుస్తకాలలో కనిపించే రంగులు తరువాత అద్దినవి.

ఈ యంత్రానికి మరొక శక్తి కలదు. పరమాణువులు క్రమబద్ధంగా అమరియున్న స్ఫటికం గుండా ఎలక్ట్రాన్లను పంపినప్పుడు అవి వివర్తనం చెంది, తెరపై ముగ్గు చుక్కలవలె వరుసలు తీరిన కాంతి బిందువులుగా పడుతవి. ఆ చుక్కల అమరికను బట్టి లోపలి పరమాణువుల అమరికను గణించవచ్చును. ఈ చుక్కల కథ ముందు రానున్నది.

చూచుటకు ముందు జరుగు సంస్కారాలు

ఎలక్ట్రాన్లు వస్తువు గుండా సాగిపోవలెనన్న ఆ వస్తువు మిక్కిలి పలుచనై యుండవలెను. సామాన్యంగా 100 నానోమీటర్లకు మించరాదు. తల వెండ్రుక మందంలో దాదాపు వెయ్యవ వంతు. పైగా గాలి లేనిచోట నీరు ఆవిరియై పోవును గనుక, సజీవమైన కణాన్ని ఉన్నదున్నట్లు లోపల పెట్టుటకు వీలులేదు.

అందువలన కణజాలాన్ని ముందుగా గ్లూటరాల్డిహైడ్, ఆస్మియం టెట్రాక్సైడ్ వంటి రసాయనాలతో స్థిరపరుస్తారు. ఆల్కహాలుతో అందులోని నీటిని తొలగిస్తారు. ఆ ఖాళీలలో జిగురు వంటి రెజిన్‌ను నింపి గట్టిపరుస్తారు. గాజు కత్తితోనో వజ్రపు కత్తితోనో అతి పలుచని పొరలుగా కోసి, మూడు మిల్లీమీటర్ల వెడల్పుగల రాగి జల్లెడబిళ్ళపైకి తీసుకొంటారు. యురేనియం, సీసపు లవణాలతో రంజనం చేస్తారు. ఆ పిమ్మటనే యంత్రంలో పెట్టుట.

ఇంత శ్రమకు ఫలితం గొప్పదే. 1939లో పొగాకు తెగులుకు కారణమైన మొజాయిక్ వైరస్ సన్నని పుల్లల రూపంలో తొలిసారిగా కనబడినది. ఆ పరిశీలన చేసిన ముగ్గురిలో ఒకరు రస్కా తమ్ముడు, వైద్యుడైన హెల్ముట్ రస్కా. కణం లోపలి నిర్మాణాన్ని వెలికితీసినందుకు ఆల్బర్ట్ క్లాడ్, జార్జి పలాడే, క్రిస్టియన్ ద డ్యూవ్ 1974లో నోబెల్ బహుమతి అందుకొన్నారు.

కాని ఒక ప్రశ్న మిగిలియున్నది. ఇన్ని సంస్కారాలు పొందిన పిమ్మట మన కంటికి కనబడునది జీవకణమా, లేక ఆ సంస్కారాలే కల్పించిన రూపమా?

లేనిది కనబడుట

ఇక మన విద్యార్థి అడిగిన మీసోసోమ్ సంగతి. 1950 దశకంలో బాక్టీరియా పలుచని పొరలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచినవారికి, కణత్వచం లోపలికి ముడుచుకొని సంచులవలె ఏర్పడిన భాగాలు కనబడినవి. వాటికి మీసోసోమ్‌లని పేరు పెట్టినారు. ఒక దేశంలో కాదు, ఒక ప్రయోగశాలలో కాదు, చూచిన ప్రతిచోట కనబడినవి. కనబడిన దానికి పని ఉండవలెను గదా! శ్వాసక్రియకని కొందరు, కణకుడ్య నిర్మాణానికని కొందరు, కణ విభజనలో డి.ఎన్.ఏ.ను పంచుటకని మరికొందరు ఊహించినారు. ఆ ఊహలు పాఠ్యపుస్తకాలలోకి ఎక్కినవి.

1970 దశకంలో అనుమానం మొదలైనది. రసాయనం మార్చితే మీసోసోమ్ ఆకారం మారుచున్నది. రసాయనాలు తాకించక వేగంగా ఘనీభవింపజేసిన బాక్టీరియాలో అది కనబడుట లేదు. ఈ లోగా స్విట్జర్లండుకు చెందిన జాక్ డ్యుబోషే, నీటిని అతి శీతలమైన ద్రవ ఈథేన్‌లో ముంచి, మంచుపలుకులు ఏర్పడునంత వ్యవధి కూడ ఇవ్వకుండ గాజువలె గడ్డకట్టించు పద్ధతిని 1980 దశకపు ఆరంభంలో రూపొందించినారు. ఈ పద్ధతిలో నీరు తీయనక్కరలేదు, రసాయనాలు అక్కరలేదు. అట్లు సిద్ధపరచిన బాక్టీరియా పొరలను ఆయన బృందం 1983లో పరిశీలించినప్పుడు మీసోసోమ్‌లు కానరాలేదు. స్థిరపరచుటకు వాడిన రసాయనం కణత్వచాన్ని ముడతలు పెట్టినందున పుట్టినవే ఆ సంచులని నేడు శాస్త్రజ్ఞుల నిశ్చితాభిప్రాయం. డ్యుబోషే పద్ధతి నుండి పెరిగినదే నేటి క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శన విద్య. అందుకు 2017లో ఆయన మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందినారు.

ఇందులో ఎవరును అబద్ధమాడలేదు. అందరును చూచినదే చెప్పినారు. కాని అందరు వాడినది ఒకే తరహా రసాయనాలు. ఒకే త్రోవన వంద మంది నడచినను అది ఒక్క సాక్ష్యమే గాని వంద సాక్ష్యాలు కావు. మరొక త్రోవన వచ్చినవాడు కూడ అదే చూచినాననినప్పుడే దర్శనం నిదర్శనమగును.

ఉన్నది నమ్మబడకుండుట

దీనికి తలక్రిందులైన సంగతి కూడ కలదు. 1930లో గ్లాస్గో నగరంలో ఒక బస్సు డ్రైవరు ఇంట జన్మించిన జూన్ అల్మేడా, పై చదువుకు స్తోమత లేక పదునారవ యేట బడి మాని, ఆసుపత్రి ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరినారు. తరువాత కెనడాలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిపై పనిచేసి అందులో ఆరితేరినారు. వైరస్ గల ద్రవంలో ప్రతిరక్షకాలను కలిపి, వైరస్‌లు గుమికూడునట్లు చేసి, సులువుగా గుర్తించు పద్ధతిని పెంపొందించినవారిలో ఆమె ముఖ్యులు. కోళ్ళకు, ఎలుకలకు జబ్బు చేయు వైరస్‌ల చుట్టు కిరీటం వంటి అంచు ఉన్నదని ఆమె వ్రాసి పంపిన వ్యాసాన్ని, అవి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు సరిగా రాని చిత్రాలని త్రోసిపుచ్చినారు. కొంతకాలానికి, లండన్‌లో పనిచేయుచుండగా, జలుబు చేసిన ఒక బాలుని నుండి సేకరించిన నమూనాను డేవిడ్ టిరెల్ ఆమెకు పంపినారు. అందులోను అదే కిరీటం కనబడినది! వేరొక చోటినుండి వచ్చిన సాక్ష్యం ఆమె పూర్వపు దర్శనాన్ని బలపరచినది. 1967లో ఆ చిత్రాలు ప్రచురింపబడినవి. 1968లో ఆ వైరస్‌ల జాతికి ‘కరోనా’ అను పేరు స్థిరపడినది. ఆ పేరు 2020లో మన ఇండ్లలో ఎట్లు మారుమ్రోగినదో ఎవరికిని చెప్పనక్కరలేదు. అప్పటికి ఆమె లేరు, 2007లో కన్నుమూసినారు.

మూడు ప్రశ్నార్థకాలు

ముగ్గు చుక్కల కథ డాన్ షెఖ్ట్‌మన్ అను ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞునిది. 1982 ఏప్రిల్ 8వ తేదీన ఆయన అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో, కరిగించి అతివేగంగా చల్లార్చిన అల్యూమినియం–మాంగనీస్ మిశ్రలోహాన్ని ట్రాన్స్‌మిషన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించుచున్నారు. తెరపై చుక్కలు పదేసి చొప్పున వలయాలుగా తీరియున్నవి.

అందులో వింత యేమి? ఇంటి నేలను త్రికోణపు పలకలతో పరువవచ్చును, చతురస్రాలతో పరువవచ్చును, షట్కోణాలతో పరువవచ్చును. పంచకోణపు పలకలతో పరచినచో నడుమ సందులు మిగులును. స్ఫటికంలో కూడ ఒకే అమరిక మరల మరల వచ్చును గనుక అందులో రెండు, మూడు, నాలుగు, ఆరు మడతల సౌష్ఠవం ఉండునే గాని, ఐదు, పది మడతల సౌష్ఠవం ఉండరాదని శాస్త్రం అప్పటికే తీర్మానించియున్నది. పది చుక్కలు కనబడరాదు. కాని కనబడినవి. షెఖ్ట్‌మన్ తన నోటుపుస్తకంలో ‘పది మడతలు’ అని వ్రాసి, దాని ప్రక్క మూడు ప్రశ్నార్థకాలు పెట్టినారు.

ఆ మూడు ప్రశ్నార్థకాలలో శాస్త్రజ్ఞుని ధర్మమంతయు ఉన్నది. రాకూడనిది వచ్చినదని ఆయన దానిని కొట్టివేయలేదు. కనబడినది గదా అని వెంటనే చాటింపు వేయలేదు. రెండు మూడు స్ఫటికాలు ఒకదానికొకటి అతుకుకొని జంటగా పెరిగినప్పుడు కూడ ఇటువంటి మోసపు చుక్కలు కనబడవచ్చును. కనుక నమూనాను త్రిప్పి త్రిప్పి చూచినారు; అందులోని చిన్న చిన్న భాగాలను విడివిడిగా పరీక్షించినారు. జంట స్ఫటికాల జాడ దొరకలేదు.

తోటివారు నమ్మలేదు. బృందపు నాయకుడు ఆయనను బృందం నుండి వెళ్ళిపొమ్మన్నారు. తొలి వ్యాసాన్ని ఒక పత్రిక తిరస్కరించినది. చివరకు 1984 నవంబరులో, ఇలాన్ బ్లెక్, డెనిస్ గ్రాతియా, జాన్ కాన్‌లతో కలిసి వ్రాసిన వ్యాసం వెలుగు చూచినది. అప్పుడు వ్యతిరేకించినవారిలో అగ్రగణ్యులు రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పౌలింగ్. 1994లో మరణించు వరకు ఆయన ఒప్పుకొనలేదు. ఆయన వాదం కేవలం మొండిపట్టు కాదు. అది జంట స్ఫటికాల వాదమే. మీసోసోమ్ విషయంలో మొదటనే అంతటి అనుమానం ఎవరికైన కలిగియున్నచో ఎంత మేలు జరిగియుండెడిది! అనుమానం తప్పు కాదు. నిదర్శనం వచ్చిన పిమ్మట కూడ దానిని వదలకుండుట తప్పు.

నిదర్శనం మరొక త్రోవన వచ్చినది. 1987 నాటికి ఇటువంటి పదార్థాల స్ఫటికాలను పెద్దవిగా పెంచగలిగినారు. వాటిని ఎక్స్‌కిరణాలతో పరీక్షింపగా ఆ సౌష్ఠవమే కనబడినది. వీటికి క్వాసీ స్ఫటికాలని పేరు. వీటిలో క్రమం ఉన్నది. కాని ఒకే అమరిక తిరిగి తిరిగి రాదు. 1992లో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘం ‘స్ఫటికం’ అను మాట నిర్వచనాన్నే మార్చినది. 2011లో షెఖ్ట్‌మన్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

ఈ కథకు మనకు దగ్గరి కొసలు రెండు కలవు. 1985లోనే కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తెలుగువారైన పాచ్చా రామచంద్రరావు, జి.వి.ఎస్. శాస్త్రిగారితో కలిసి, మెగ్నీషియం–అల్యూమినియం–జింకు మిశ్రలోహంలో ఇటువంటి స్ఫటికం ఏర్పడునని ముందుగా ఊహించి, తయారుచేసి చూపినారు. రెండవది శిల్పకళకు సంబంధించినది. ఇరాను దేశంలోని ఇస్ఫహాన్ నగరంలో 1453 నాటి దర్బె ఇమామ్ దర్గా గోడపై ఉన్న పలకల అల్లిక, క్వాసీ స్ఫటికాల అమరికకు ఎంతో సన్నిహితమైనదని 2007లో పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అను శాస్త్రజ్ఞులు చూపినారు. ఆ పనివారికి పరమాణువుల సంగతి తెలియదు. పంచకోణాల నడుమ మిగిలే సందులను వేరు ఆకారపు పలకలతో ఎట్లు పూరించవలెనో వారి చేతికి తెలియును.

మన ప్రయోగశాలలో

విద్యార్థినీ విద్యార్థులారా! ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోట్ల విలువ చేయు యంత్రం. మన కళాశాల దానిని కొనజాలదు. కాని షెఖ్ట్‌మన్ వాడిన రెండవ పరికరం మన అందరి వద్ద ఉన్నది. అది నోటుపుస్తకం.

మన ప్రాక్టికల్ రికార్డులను ఒకసారి జ్ఞాపకం చేసుకొనుడు. సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర మడత పడియుండును, గాలిబుడగ వచ్చియుండును, కేంద్రకం కానరాకుండును. రికార్డులో మాత్రం పుస్తకంలోని బొమ్మయే ముచ్చటగా వెలయును. నిరుటి విద్యార్థి రికార్డు చూచి దించినవారు కూడ లేకపోలేదు. నేను చదువుకొన్న నాళ్ళలో నేనును ఆ పని చేసినవాడనే. కంటికి కనబడినది వేరు, చేయి వ్రాసినది వేరు. మార్కులు వచ్చినవి, దర్శనం మాత్రం కలుగలేదు. ఇక నిదర్శనం మాట ఎక్కడిది?

కనుక కళాశాల పాలకవర్గం వారికి, అధ్యాపక మిత్రులకు నాదొక మనవి. రికార్డులో విద్యార్థి తాను చూచినదానిని చూచినట్లు గీచి, తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టినచో మార్కులు తగ్గింపక, వీలైనచో ఒక మార్కు కలుపవలసినదిగా కోరుచున్నాను. ఏడాదికొక పర్యాయమైన మన విద్యార్థులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని గల పరిశోధన సంస్థకు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి చోటికి, అనుమతి పొంది తీసుకొనిపోయినచో ఎంతయు మేలు జరుగును. పదునారేండ్లకు బడి మానిన జూన్ అల్మేడాకు ఆ యంత్రం చెంతకు చేరే అవకాశం దొరికినందుననే లోకానికి ఆమె చూపు దక్కినది.

ఇక నా విద్యార్థికి బాకీ పడిన సమాధానం. నాయనా, పరీక్షలో ఇట్లు వ్రాయుము: మీసోసోమ్ అనునది బాక్టీరియాలోని భాగమని ఒకప్పుడు భావించినారు; రసాయనాలతో స్థిరపరచునప్పుడు ఏర్పడిన కృత్రిమ రూపమని తరువాత తేలినది. రెండు పుస్తకాలలో రెండు విధాలుగా ఉన్నప్పుడు, ఏది వ్రాయాలని మాత్రమే గాక, ఏది ఎట్లు తెలిసినదని కూడ అడుగుము. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు ఊరకే అనలేదు.